డబ్బా ఎక్కడికీ పారిపోదు

మా రౌహాలాలో ఎవరికైనా డబ్బాలు కాల్చుకోవడానికి చిన్న రైఫిల్ ఒకటి కొనుక్కుందామని బుద్ధి పుట్టిందంటే, ఆ సంగతి ఇంట్లోవాళ్ళకన్నా ముందు వైనో కెట్టునెన్‌కి తెలిసిపోతుంది. తెలిసిందా, ఇక అయిపోయారన్నమాటే. మీకు రైఫిల్ ఎంచిపెట్టే బాధ్యత ఆయన నెత్తినేసుకుంటాడు. వేసుకున్నాక దించడు. అలాగని ఎంచిపెట్టనూ పెట్టడు.

రూడీ లహ్తీ హార్డ్‌వేర్ కొట్లో, పొయ్యి పక్కన, మేకుల పీపా మీద ఆయన కొలువు. ఎదురుగా గోడకి రైఫిళ్ళు వరసగా ఉంటాయి. మీరు ఆ గోడవైపు కాస్త తల తిప్పారనుకోండి, పీపా కిర్రుమంటుంది.

"ఎందుకూ?"

"ఏం లేదు వైనో, ఊరికే, ఒక ఇరవై రెండు తీసుకుందామని..."

ఇరవై రెండు అంటే మా చిన్న రైఫిల్. దాని తూటా వేరుశనగ గింజంత. దాని చప్పుడు, కోపం వచ్చిన టీచరు బల్ల మీద పుస్తకం పడేసినంత.

"చెయ్యి చూపించు."

జాతకం చెప్తాడనుకునేరు. కాదు. మీ మోచెయ్యి మడిపించి, తుపాకీ మడమని, అంటే భుజానికి ఆనే వెనక చెక్కని, ఆ మడతలో ఆనించి, చూపుడువేలు మీటకి అందుతోందా లేదా అని చూస్తాడు. అందకపోతే "చూశావా" అంటాడు. అందితే "మరీ అందుతోంది" అంటాడు. ఆ తర్వాత రెండు అరచేతులూ దగ్గరగా పెట్టించి, వాటి మధ్య సందులోంచి చర్చి గంట చూడమంటాడు. మీ రెండు కళ్ళలో పెత్తనం ఎవరిదో తేలాలిట. అదీ తేలాక అసలు ప్రశ్న.

"ఏ డబ్బా కాలుస్తావు?"

"డబ్బా ఏదైతే ఏంటి?"

"ఏదైతే ఏంటా! రూడీ, విన్నావా? ఏదైతే ఏంటంట!"

ఇక ఆ పూటకి బేరం చెడినట్టే. బీన్సు డబ్బా కాల్చే చేతికీ కాఫీ డబ్బా కాల్చే చేతికీ తేడా ఏమిటో వినిపించుకుంటూ ఇంటికెళ్ళాలి.

రూడీ నెత్తి బాదుకునేవాడు. "బాబాయ్, కొనేవాణ్ణి కొననియ్! గోడ మీద తుపాకీలకి సాలీళ్ళు గూళ్ళు కడుతున్నాయి."

"కొంటాడ్రా. తొందరేముంది? డబ్బా ఎక్కడికీ పారిపోదు."

ఈ మాట ఆయన ఎంత ప్రశాంతంగా అనేవాడంటే, విన్నవాళ్ళు ఇంటికెళ్ళి డబ్బా ఉందో లేదో ఒకసారి చూసుకునేవాళ్ళు.

తుపాకీలకి ఆయన పెట్టే వంకలు నేను బడిలో పిల్లలు చెప్పే సాకుల్లో కూడా వినలేదు. మీట కింద కడ్డీ లాగి తూటా ఎక్కించే రకానికి, "చేతికి ఊలు గ్లవ్ ఉంటే దీనికి తినేద్దామనిపిస్తుంది." వరసపెట్టి పేలే రకానికి, "ఒక్క డబ్బాకి అన్ని తూటాలా? దాంతో నీకేమన్నా పాత కక్షలున్నాయా?" దుర్భిణీ బిగించిన దానికి, "ఇంకేం, డబ్బా మీద రాసింది చదువుకుంటూ కూర్చుంటావు, కాల్చడం మర్చిపోతావు." ఇవన్నీ దాటి ఏ వంకా దొరకని తుపాకీ ఎప్పుడైనా తగిలితే, దాన్ని చెవి దగ్గర పెట్టుకుని తూటా ఎక్కించే బోల్టు ఒకసారి వెనక్కీ ముందుకీ లాగి, తల అడ్డంగా ఊపేవాడు. "దీనికి నువ్వు నచ్చలేదు."

ఇంతాచేసి ఆయనకి సొంత రైఫిల్ లేదు! ఎవరన్నా అడిగితే సిగ్గుపడేవాడు కూడా కాదు. "నాదా? చూస్తున్నా" అనేవాడు. డెబ్బై దాటిన బ్రహ్మచారి. పెళ్ళి గురించి అడిగినా ఇదే జవాబు చెప్పి ఉంటాడని మా ఊరి నమ్మకం.

ఆయన లెక్క కూడా ఒకలా ఉండేది కాదు. రూడీ బావమరిది అడిగితే, చేతిలో కాఫీ చల్లారకముందే ఎంచి ఇచ్చేశాడు. ఆ బావమరిది ఇల్లు చూడాలి మీరు, అత్తా మామా పిల్లలూ కుక్కలూ, కాలు పెట్టే చోటుండదు. అదే, అడవిలో ఒంటరిగా గుడిసెలో ఉండే కుస్తా కొర్పెలా అడిగితే రెండు చలికాలాలు తిప్పాడు. చివరికి పోస్టాఫీసులో పనిచేసే పెళ్ళికాని పిల్ల సెన్యా వాళ్ళింట్లో ఉన్న పాత రైఫిల్ ఒకటి చూసి రమ్మన్నాడు. కుస్తా చూడ్డానికి వెళ్ళి చూస్తూనే ఉన్నాడు. మరుసటి వేసవిలో వాళ్ళ పెళ్ళి. తుపాకీ సంగతి ఏమైందో ఎవరికీ తెలీదు.

కొత్తగా వచ్చిన పాస్టరు గారు అడిగినప్పుడు ఇంకా ఘోరం. ఆ కుర్రాయన మినెసోటా నించి వచ్చాడు, ఊళ్ళో ఒక్కళ్ళ మొహం తెలీదు. వైనో ఆయన్ని ఇంటింటికీ తిప్పి, అందరి తుపాకీలూ భుజానికెత్తించి, అన్నిటికీ వంక పెట్టాడు. "దేవుడి పని చేసుకోనివ్వవయ్యా ఆయన్ని" అని నేనే తిట్టాను.

"నేనేం ఆపాను టీచరమ్మా? తొందరేముంది? డబ్బా..."

"పారిపోదు. తెలుసు."

నేను ఈ ఊరి బళ్ళోనే పాఠాలు చెప్పి రిటైరయ్యాను. పేరు సైమా. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడు తక్కువ, టీచరమ్మ అంటేనే పలుకుతాను. వచ్చేసేటప్పుడు బడిగంట నాకే బహుమానంగా ఇచ్చేశారు. రోజూ పొద్దున్న దాన్ని నేనే కొట్టి, నేనే కాఫీకి లేచి, నేనే ఆలస్యమైతే నన్నే కోప్పడుతుంటాను. కాలక్షేపానికి ఏ లోటూ లేదు.

ఇక హిల్మా సంగతికి వస్తాను. హిల్మా నీమి నా స్నేహితురాలు. మనిషి పుస్తకాల సంచీ అంత ఉంటుంది, అంతే పొట్టి, అంతే బరువు. వాళ్ళాయన ఎమిల్ మాత్రం తలుపు వంగి దాటే మనిషి. పోయిన ఏడు బంగాళదుంపలు తవ్వే రోజుల్లో గుండె ఆగి పోయాడు.

మా వాళ్ళకి ఒక జబ్బుంది. పని లేకుండా ఇంకొకళ్ళ గడప తొక్కలేం. ఊరికే వచ్చాను అని చెప్పడానికి మాకు నోరు రాదు. అవతలివాళ్ళకి ఊరికే కూర్చో అనడానికీ రాదు. ఎవరింట్లోనైనా దుఃఖం వస్తే యాలకుల రొట్టె చేసి గుమ్మంలో పెట్టి, తలుపు తట్టి, తెరిచేలోపల పారిపోతాం. హిల్మా గుమ్మంలో అప్పుడు ఎన్ని రొట్టెలు పేరుకున్నాయంటే, తలుపు తియ్యడానికి లోపల్నించి భుజంతో తొయ్యాల్సి వచ్చింది. లోపలికి మాత్రం ఒక్కళ్ళు వెళ్ళలేదు. నా రొట్టె కూడా అందులోదే. పైవరసలోది.

ఇంకో ఆచారం కూడా ఉంది మాకు. ఊరవతల పాత కంకర గొయ్యి. దాని అంచున దేవదారు గుంజలు, ఇంటికొకటి, మీద ఇంటిపేరు కాల్చి రాసి ఉంటుంది. నడి వేసవిలో యుహాన్నుస్ పండగనాడు ప్రతి ఇంటినించీ ఒకళ్ళు వచ్చి, తమ గుంజకి తమకి నచ్చిన డబ్బా వేలాడదీసి, సొంత ఇరవై రెండుతో మూడు తూటాలు కాల్చాలి. తగలాలని రూలు లేదు. రావాలి, కాల్చాలి, అంతే. సొంత ఇంటి తుపాకీ లేనివాళ్ళకి మాత్రం అరువు తుపాకీ చెల్లదు, ఒక్క వైనోకి తప్ప. ఆయనది ఎంపిక నడుస్తోంది కాబట్టి మినహాయింపు. ఏ ఇంటివాళ్ళు రాకపోతే ఆ గుంజని పీకి సాయంత్రం పండగ మంటలో వేసేస్తారు. ఆ ఇల్లు అయిపోయినట్టు లెక్క.

నీమి వాళ్ళ గుంజ దగ్గర ఎప్పుడూ ఎమిలే నిలబడేవాడు. మేపుల్ చెక్కతో తనే చెక్కుకున్న మడమ ఆయన రైఫిల్‌ది, చిన్న పడవంత ఉండేది. హిల్మాకి కుడిభుజం సరిగ్గా లేవదు. అది ఎత్తడం ఆమెకి కాని పని.

తొలి మంచు ఇంకా పడలేదు. ఒకరోజు హిల్మా రూడీ కొట్లోకి వచ్చింది. ఎమిల్ పోయాక ఆమె బయటికి రావడం అదే మొదలు. నేను దారపు ఉండలు చూస్తున్నాను. ఆమె ఎవర్నీ చూడకుండా గోడవైపే చూసి అంది. "రూడీ, తేలిగ్గా ఉండేది ఒకటి కావాలి. యుహాన్నుస్‌కి నేను కాల్చాలి. మా గుంజని మంటలో వెయ్యనివ్వను."

అంతే. రూడీ గోడ మీంచి ఒకటి తియ్యబోయాడు. పీపా కిర్రుమంది.

"అమ్మా హిల్మా, చెయ్యి చూపించు."

"వైనో!" అన్నాను నేను, క్లాసులో వాడే గొంతుతో. "ఇప్పుడొద్దు."

"అదేంటి టీచరమ్మా, మోచెయ్యి చూడకుండా ఎలా ఇస్తాం?" చూశాడు. చర్చి గంట చూపించాడు. గోడమీద ఉన్నవన్నీ వరసపెట్టి దించి, వరసపెట్టి తిరిగి ఎక్కించాడు. "ఇక్కడ లేదు. నీకు సరిపడేది ఊళ్ళో ఎవరింట్లోనో ఉండుంటుంది. శనివారం కోస్కెలా వాళ్ళది చూద్దాం. ఆ ఎమిల్ రైఫిల్ నాకియ్యి, తుప్పు పట్టకుండా చూస్తా. నీకు కుదిరింది దొరికాక దాన్ని అమ్మి పడేద్దాం."

"మీ ఇష్టం వైనో అన్నా" అంది హిల్మా. వాదించే ఓపిక ఆమెకి లేదు.

ఆ శనివారానికల్లా తొలి మంచు పడింది. మా ఇంటి ముందు ఆయన ట్రక్కు హారన్ మోగింది. హిల్మా అప్పటికే లోపల కూర్చుని ఉంది.

"ఎక్కండి టీచరమ్మా."

"నేనెందుకు? నాకు తుపాకీ అక్కర్లేదు."

"బరువు కావాలి. రోడ్డు మీద మంచు, వెనక చక్రాలు జారుతున్నాయి. ఇసుక బస్తా చిరిగిపోయింది."

నా జీవితంలో నన్ను చాలా అన్నారు. ఇసుక బస్తాకి బదులు ఎవరూ వాడలేదు. "వెనక చక్రాలకి బరువైతే వెనకెక్కాలి కదా?" అన్నాను.

"వెనక చలి."

అలా మొదలైంది. ఆ చలికాలం ప్రతి శనివారం, సరస్సు మీంచి గాలి మొహం కోస్తున్నా సరే, ఆ హారన్. నేను మధ్యలో, అటు వైనో, ఇటు హిల్మా, ఒళ్ళో ఎవరికీ నచ్చని తుపాకీ ఏదో ఒకటి. ఎవరింటికెళ్ళినా ఒకటే తంతు. పాకల వెనక మంచులో నిలబడి హిల్మా రెండు తూటాలు కాల్చడం, వైనో తల అడ్డంగా ఊపడం. ఆ ఇంటాయన చూరు వైపు చూస్తూ, ఎవరితోనూ కానట్టు, "సౌనా ఎలాగూ వేడెక్కే ఉంది మరి" అనడం.

శనివారం మా ఊళ్ళో ప్రతి ఇంటి వెనకా ఆ ఆవిరి గది పొగ పెడుతూనే ఉంటుంది. పని మీద వచ్చినవాళ్ళని పొమ్మనలేరు కదా! ముందు ఆడవాళ్ళం వెళ్ళేవాళ్ళం, తర్వాత మగవాళ్ళు. బయటికొచ్చాక ఎర్రగా ఉడికిన మొహాలతో కాఫీ, రొట్టె. రొట్టె అయ్యాక మళ్ళీ కాఫీ. ఆ రెండో కప్పు దగ్గర వైనో మొదలెట్టేవాడు.

"దీని మీట గట్టిగా ఉంది. ఏడో ఎక్కం తప్పు చెప్పిన పిల్లాడిలాగా కదలదు. కదా టీచరమ్మా?"

"నన్ను కలపకు. నేను ఇసుక బస్తాని."

మొదట్లో హిల్మా మాట్లాడేది కాదు. కప్పు పట్టుకుని కిటికీలోంచి చూసేది. ఎవరూ ఆమెని ఎమిల్ గురించి అడిగేవాళ్ళు కాదు. మడమ పొడుగు గురించీ, గురి చూసే గాడి గురించీ, ముసలి కళ్ళకి గాడి కన్నా చిన్న కంత నయమా కాదా అన్నదాని గురించీ గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్ళు. మా వాళ్ళు తుపాకీ గురించి మాట్లాడమంటే ఎంతసేపైనా మాట్లాడతారు. మనసు గురించి అడిగితే గొడ్లకి మేత వెయ్యాలని లేచిపోతారు.

మంచు కిటికీల దాకా పేరుకున్న రోజుల్లో, ఒకసారి కోస్కెలా వాళ్ళింట్లోనే, రెండోమాటు వెళ్ళినప్పుడు (ఆ మొదటిసారి గాలి సరిగ్గా లేదని వైనో మళ్ళీ తీసుకెళ్ళాడు), కోస్కెలా ముసలాయన అన్నాడు. "ఎమిల్ ఈ తుపాకీని చూసి నవ్వేవాడు."

నేను చెంచా కప్పులో తిప్పుతూ ఉండిపోయాను, అందులో చక్కెర కూడా లేదు.

హిల్మా కప్పు కింద పెట్టింది. "ఆయన దేన్ని చూసి నవ్వలేదు? సౌనాలోంచి వచ్చి చెరువు మంచులో తొవ్విన గుంటలో మునుగుతానని వెళ్ళి, గుంట ఎక్కడుందో మర్చిపోయి, పక్కన గట్టి మంచు మీద దూకాడు. ఒంటిమీద నూలుపోగు లేదు. కూర్చున్న చోటు అతుక్కుపోయింది. నేను కాఫీ కెటిల్‌తో వేడినీళ్ళు పోసి ఊడదీశాను. ఊడదీస్తుంటే కూడా నవ్వుతున్నాడు. 'హిల్మా, కాఫీ వృథా చెయ్యకు' అంటాడు!"

ముందు హిల్మాయే నవ్వింది. తర్వాత కోస్కెలా ఇల్లంతా నవ్వింది. వైనో మాత్రం తుపాకీ బోల్టుని గుడ్డతో తుడుస్తూ, "ఊఁ, ఇది కూడా కుదర్లేదు" అన్నాడు.

ఏప్రిల్ వచ్చింది. మంచు కరిగింది. మే వచ్చింది. కుదర్లేదు.

నాకు గుబులు పట్టుకుంది. పండగ దగ్గరికొస్తోంది, హిల్మా చేతిలో తుపాకీ లేదు, ఈ మనిషి ఊళ్ళో ఇళ్ళన్నీ అయిపోయి పక్క ఊరి ఇళ్ళు మొదలెట్టాడు! రూడీ దగ్గర కొందామంటే పీపా కిర్రుమంటుంది. అందుకని బస్సెక్కి మార్కెట్ పట్నం వెళ్ళాను. మార్కెట్ అంటే సంత కాదు, ఊరి పేరే అది. అక్కడ కొట్లో హిల్మా కొలతలు నోటికి అప్పజెప్పాను. మోచెయ్యి పొడుగు, వేలు అందే దూరం, ఏ కన్ను పెత్తనం, అన్నీ. అన్ని శనివారాలు విన్నాక రాకేం! కొట్టతను పొట్టి మడమ, తేలికైన గొట్టం ఉన్న బోల్టు రైఫిల్ ఒకటి తీశాడు. ఎంత ముద్దుగా ఉందో. బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చాను.

నేరుగా హిల్మా ఇంటికి వెళ్ళాను. ఆమె మోచేతి మడతలో ఆనించుకుంది. వేలు మీట మీదికి దానంతటదే వెళ్ళి కూర్చుంది. భుజానికెత్తితే ఈకలా లేచింది.

"ఎలా ఉంది?" అన్నాను. నేనైతే నూటికి నూరు వేసేశాను.

హిల్మా మొహం వాడిపోయింది. "బానే ఉంది సైమా. చాలా బావుంది." దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టింది. "కానీ... వైనో అన్న చూడాలి కదా."

వైనోని పిలిపించాం. వచ్చాడు. ఎత్తి చూశాడు, దించి చూశాడు, గొట్టంలోంచి వెలుతురు చూశాడు. నా సర్వీసులో ఎంతమందినో చూశాను కాబట్టి నాకు తెలుసు, పాఠం చదవకుండా వచ్చి బోర్డు దగ్గర నిలబడ్డ పిల్లాడి మొహం అది. వంక దొరకడం లేదు! చెవి దగ్గర పెట్టుకున్నాడు. బోల్టు లాగాడు. అది కూడా వెన్నలాగా జారింది.

"రంగు" అన్నాడు చివరికి.

"రంగుకేం?"

"ఎలుగుబంటికి నచ్చదు."

"కంకర గొయ్యిలో డబ్బా కాల్చడానికి ఎలుగుబంటి అభిప్రాయం ఎందుకయ్యా?"

"ఔను సైమా" అంది హిల్మా గబగబా. "నాకూ ఎందుకో అదే అనిపించింది. ఆ రంగు..." నావైపు చూడకుండా కాఫీ నీళ్ళు పెట్టడానికి లేచింది. "అన్నా, శనివారం ఎవరింటికన్నారూ?"

నేను నా తుపాకీ చంకన పెట్టుకుని ఇంటికొచ్చాను. వీళ్ళిద్దరికీ మతి పోయిందనుకున్నాను. ఒక రంగు కోసం నీమి వాళ్ళ గుంజ బూడిదైపోతుంటే నాకు నిద్రెలా పడుతుంది?

యుహాన్నుస్ రానే వచ్చింది. సాయంత్రం మంటకి కట్టెలు అప్పటికే పేర్చి ఉన్నాయి. కంకర గొయ్యి అంచున ఊరంతా ఉంది, ఒక్కో గుంజకీ ఒక్కో డబ్బా ఊగుతోంది. నా వంతుకి నేను నా కొత్త రైఫిల్‌తో నా బీన్సు డబ్బాని మొదటి తూటాకే కొట్టాను. ఎవరూ చూడలేదు. అందరి కళ్ళూ నీమి వాళ్ళ గుంజ మీదే.

హిల్మా వచ్చింది. చేతులు ఖాళీ. గుంజ దగ్గరికెళ్ళి జేబులోంచి డబ్బా తీసి కట్టింది. ఏ డబ్బా అనుకున్నారు? ఎమిల్ నశ్యం డబ్బా! అరచేతిలో దాక్కునేంత ఉంటుంది.

"అంత చిన్నదాన్నా?" అన్నాడు రూడీ.

"పెళ్ళైన రోజు నించీ దీనిమీద నాకు పగ" అంది హిల్మా.

పగ సరే, తుపాకీ ఏదీ? నేను ఇక ఉండబట్టలేక నాది చాచాను. "ఇదిగో, రంగు గింగు చూడకు. ఇప్పుడే నీకిచ్చేస్తున్నా, నీదే."

అప్పుడు వైనో ట్రక్కు దగ్గర్నించి వచ్చాడు. చేతిలో పాత కంబళి చుట్ట. విప్పాడు.

ఎమిల్ రైఫిల్.

అదే గొట్టం, అదే బోల్టు. కానీ పడవ లేదు. మడమని పొట్టిగా కోసి, పక్కలు సన్నగా చెక్కి, లోపల కూడా తొలిచి తేలిక చేసి, నున్నగా నూనె పట్టించాడు. గాడి తీసేసి, ముసలి కళ్ళు చూసే చిన్న కంత బిగించాడు. మేపుల్ చెక్కంతా తేనెలా మెరుస్తోంది, ఒక్క చోట తప్ప. చెంప ఆనే చోట అరచెయ్యంత మేర పాత చెక్క అలాగే ఉంది. ఎమిల్ చెంప అన్నేళ్ళు ఆని ఆని నల్లగా అరిగిన చోటు. అక్కడ ఉలి తగలనివ్వలేదు.

హిల్మా మోచేతి మడతలో ఆనించుకుంది. వేలు అందింది. భుజానికెత్తింది. ఆ నల్లటి చోటు మీద చెంప ఆనించి, కాల్చకుండా, అలాగే కాసేపు ఉండిపోయింది.

రూడీకి మాత్రం బుర్ర ఆలస్యంగా వెలిగింది. "ఆగాగు బాబాయ్! ఉప్పుకాగితం, నూనె నా దగ్గర కొన్నది తొలి మంచు పడిన వారంలోనే కదూ? అంటే ఇది అప్పుడే అయిపోయిందా?"

"నూనె ఆరాలి కదరా" అన్నాడు వైనో.

"చలికాలమంతానా?"

"మంచి నూనె."

టీచరుని కదా, కూడికలు ఆలస్యంగానైనా వస్తాయి. ఇల్లు నిండా మనుషులున్న బావమరిదికి కాఫీ చల్లారకముందే. అడవిలో ఒక్కడే ఉన్న కుస్తాకి రెండు చలికాలాలు. ఎవర్నీ ఎరగని పాస్టరు గారికి ఇంటింటి ప్రదక్షిణం. హిల్మా కాఫీ కెటిల్ కథ. నేను హిల్మా వైపు చూశాను. హిల్మా నావైపు చూసి, ఎంత అమాయకంగా కనురెప్పలు ఆడించిందంటే, ఈ పరీక్ష పేపరు నాకన్నా ఎంతో ముందే ఆమెకి తెలిసిపోయిందని అర్థమైంది. ఎలుగుబంటి రంగు దగ్గరే తెలుసు ఆవిడకి!

హిల్మా కాల్చింది. మొదటి తూటాకి పక్క గుంజ మీద రూడీ వాళ్ళ కాఫీ డబ్బా ఎగిరిపడింది.

"అత్తా, అది మాది!"

"అలా దగ్గరగా ఎందుకు కట్టావు మరి?"

రెండోది ఆకాశానికి. మూడోది కంకరకి. నశ్యం డబ్బా గాలికి ఊగుతూ ఎమిల్‌లాగా నవ్వుతూనే ఉంది. ఏమైతేనేం, నీమి వాళ్ళింటి నించి మనిషి వచ్చింది, సొంత తుపాకీ తెచ్చింది, కాల్చింది. గుంజ నిలిచింది. ఊరంతా చప్పట్లు. మా వాళ్ళ చప్పట్లంటే మళ్ళీ పెద్ద హోరు కాదు, గ్లవ్‌లు దులుపుకున్నట్టుంటుంది. మాకది ఎక్కువే.

వైనో కంబళి మడత పెడుతున్నాడు. నెమ్మదిగా, అంచులు కలుపుతూ, పని అయిపోయినవాళ్ళు మడిచినట్టు. ఇక శనివారాలు ఆ మేకుల పీపా, ఆ పొయ్యి. ఆయన మొహంలో నాకు అదే కనిపించింది. హిల్మాకి నాకన్నా ముందే కనిపించి ఉంటుంది.

"అన్నా" అంది. "నాది తేలిపోయింది. మరి మీదో?"

"నాదా? చూస్తున్నాలేమ్మా."

"ఎక్కడ చూస్తున్నారు? చెయ్యి చూపించండి."

"నాకెందుకిప్పుడు..."

"చూపించండీ!" ఆ పొట్టిమనిషి ఆయన మోచెయ్యి పట్టుకుని మడిచి, ఎమిల్ రైఫిల్ మడమ అందులో ఆనించి, వేలు చూసి, తల అడ్డంగా ఊపింది. "పొట్టైపోయింది. ఇది కాదు. శనివారం కోస్కెలా వాళ్ళింట్లో మొదలుపెడదాం. చాలా వెతకాలి."

వైనో కెట్టునెన్ మడిచిన కంబళిని మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచాడు. "అంత... అంత తొందరేముందమ్మా?"

"తొందర అని ఎవరన్నారు? డబ్బా ఎక్కడికన్నా పారిపోతుందా?"

ఆ తర్వాతి శనివారం నేను గంట కొట్టుకుని కాఫీకి లేచాను. ఎండ పెళపెళలాడుతోంది, తోటలో పుల్లకాడల రబర్బు మొక్కల ఆకులు గొడుగులంత అయ్యాయి. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఇంకోసారి గంట కొడదామా అనుకుంటుంటే గేటు దగ్గర హారన్. వైనో, పక్కన హిల్మా. మధ్యలో చోటు ఖాళీ.

"ఎక్కండి టీచరమ్మా. బరువు కావాలి."

నేను రోడ్డు వైపు చూశాను. ఆకాశం వైపు చూశాను. "జూన్ నెలలో మంచెక్కడుందయ్యా?"

వైనో కూడా అటూ ఇటూ చూశాడు. వంక కోసం వెతుక్కుంటున్నాడు పాపం. దొరకలేదు.

"వస్తుంది కదా" అన్నాడు.

తలుపుకి తాళం వేసి వెళ్ళి మధ్యలో కూర్చున్నాను.